తాళి కట్టని పెళ్లి డిస్కు

మా పిన్ని కూతురి పెళ్లి 2007లో తెనాలిలో జరిగింది. ఆ పెళ్లి డీవీడీ పదిహేనేళ్లకు పైగా బీరువాలో పట్టుచీరల మడతల మధ్య భద్రంగా పడుకుని ఉంది. ఒకరోజు పిన్ని దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, "దీన్ని ఇంకో నాలుగు డిస్కుల్లోకి ఎక్కించి పెట్టరా, తలా ఒకటి ఇస్తాను" అంది. చూస్తే అది డ్యూయల్ లేయర్ డిస్కు. అంటే రెండు పొరలది, 8.5 జీబీది. బజార్లో నాకు దొరికిన ఖాళీ డిస్కులు మామూలువి, 4.7 జీబీవి. కుదించక తప్పదు.

రాత్రి బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి పని అప్పజెప్పి పడుకున్నాను. మధ్యలో మంచినీళ్లకు లేచినప్పుడు తెర మీద ఏదో హెచ్చరిక కనిపిస్తే 'స్కిప్' నొక్కినట్టు లీలగా గుర్తు. పొద్దున చూద్దును కదా, ఫోల్డరు మొత్తం 3.68 జీబీ! కుదించే పనే లేకుండా డిస్కులో పట్టేసింది. సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదో అనుకుంటూ, ఆ ఫోల్డరును నెట్‌లో డాలస్‌లో ఉన్న పెళ్లికూతురికి పంపాను.

మర్నాడు ఫోన్ చేసింది. "అన్నయ్యా, జీలకర్ర బెల్లం అయింది, తెర తీశారు, అక్కడితో ఆగిపోయింది. నాకు తాళి కట్టలేదేంటి?"

ఈ అధ్యాయం ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను నేర్చుకున్నది. డిస్కుని కుదించినప్పుడు సైజు అనుకున్నట్టు రాకపోతే మనం చేసే మొదటి పని సాఫ్ట్‌వేర్‌ని తిట్టడం. రెండో పని ఇంకో సాఫ్ట్‌వేర్ వెతకడం. ఈ రెండింటికీ ముందు కాగితం మీద ఓ చిన్న లెక్క వేసుకుంటే చాలావరకు గుట్టు బయటపడుతుంది. ఇక్కడ చెప్పేదంతా మీ ఇంటి డిస్కుల గురించి, మీరు తీయించుకున్న పెళ్లిళ్లు, పేరంటాల గురించి. తాళం వేసి అమ్మే సినిమా డిస్కుల సంగతి వేరు. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఏ సెక్షన్ అలాంటి తాళాల గురించే. అటు వెళ్లడం లేదు.

తాళి ఎక్కడ పోయిందో ముందు చెబుతాను. ఒకే పొర ఉన్న డీవీడీని, మధ్యలో ఉన్న రంధ్రం దగ్గర మొదలుపెట్టి, లేజరు అంచు వైపు చదువుకుంటూ పోతుంది. రెండు పొరల వీడియో డిస్కులో మామూలుగా మొదటి పొర అంచు దాకా అయ్యాక, లేజరు చూపు సరిచేసుకుని రెండో పొరకు మారి, అంచు నుంచి మళ్లీ లోపలికి వస్తుంది. అంటే కథలో సగం అయ్యేసరికి లేజరు డిస్కు అంచున ఉంటుంది. వేలిముద్రలు పడేది అక్కడే, గీతలు పడేదీ అక్కడే. అలసిపోయిన పాత డ్రైవుకి ఆ మలుపు తిరగడం చేతకాదు. నా డ్రైవు మొదటి పొర చదివి చేతులెత్తేసింది. నేను స్కిప్ నొక్కి దానికి సెలవిచ్చాను. పెళ్లిలో సరిగ్గా సగమంటే ముహూర్తం వేళే కదా.

అందుకే సైజు అనుకున్నదాని కన్నా బాగా చిన్నగా వస్తే సంబరపడకండి, నిడివి చూడండి. అదీ అంకె చూసి నమ్మకండి. డీవీడీ ఫోల్డరులో ఐఎఫ్‌ఓ అనే చిన్న ఫైళ్లుంటాయి, అవి పుస్తకంలో విషయసూచిక లాంటివి. వెనక పేజీలు చిరిగిపోయినా సూచికలో 300వ పేజీ అని ఉన్నట్టే, సగం వీడియో లేకపోయినా ప్లేయరు మూడు గంటలని చూపించవచ్చు. వీఎల్‌సీలో తెరిచి, గీతను మధ్యకు లాగి ఒకసారి, చివరికి లాగి ఒకసారి ఆడించండి. తాళి, అప్పగింతలు రెండూ కనిపిస్తేనే కాపీ అయినట్టు.

ఇప్పుడు దీనికి ఎదురు బాధ: సైజు పెద్దగా రావడం, డిస్కులో పట్టకపోవడం. దీని వెనక చాలాసార్లు ఉండేది కొలతల తగాదా. పాతకాలంలో ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచంతో సరిపోయేది కాదని పెద్దవాళ్లు చెబుతారు. ఇక్కడా అంతే. డిస్కు డబ్బా మీద రాసిన 4.7 జీబీ అంటే 470 కోట్ల బైట్లు. కంపెనీ లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో జీబీ అంటే 1,024ని మూడుసార్లు గుణించగా వచ్చే 107 కోట్ల 37 లక్షల చిల్లర. ఆ పెద్ద కుంచంతో కొలిస్తే 470 కోట్లు 4.37 జీబీయే అవుతాయి. డిస్కు వాడు మోసం చేయలేదు, విండోస్ తప్పు చెప్పలేదు. కుంచాలు వేరు.

ఈ తేడాలో నేనూ పడ్డాను. చాలామంది ఇప్పటికీ వాడే డీవీడీ ష్రింక్‌లో ఎంత సైజుకి కుదించాలో మనమే రాసుకునే గడి ఒకటుంది. డిస్కు మీద 4.7 అని ఉంది కదా అని అందులో 4,700 అని కొట్టాను. ఆ గడి పెద్ద కుంచం మాట్లాడుతుంది. 4,700 ఎంబీ అంటే దాని లెక్కలో 492 కోట్ల పైచిలుకు బైట్లు. డిస్కు పట్టేది 470 కోట్లు. సాఫ్ట్‌వేర్ నేను చెప్పింది చెప్పినట్టు చేసింది, రైట్ చేయబోతే డిస్కు చాలదంది. దాని సొంత లెక్క 4,464 ఎంబీ. ఎవరూ ముట్టుకోకపోతే అక్కడే ఉంటుంది, అది సరైనదే. నేనైతే 4,400కి దించుతాను. చవక డిస్కుల్లో అంచు దాకా రాసిన చోటే ముందు చెడటం చూశాను గనుక కొన్నిసార్లు 4,300కీ దించుతాను.

ఇంకో చిన్న మెలిక ఉంది. ప్లస్ ఆర్ డిస్కు, మైనస్ ఆర్ డిస్కు రెండూ 4.7 అనే అంటారు. కానీ మైనస్‌లో 470 కోట్ల 73 లక్షల బైట్లు పడితే, ప్లస్‌లో 470 కోట్ల 3 లక్షలే పడతాయి. అంచు దాకా నింపిన ఫైలు మొన్న ఎక్కింది, ఇవాళ ఎక్కలేదంటే డబ్బా మీద గుర్తు చూడండి.

వీసీడీలు వాడినవాళ్లకు దీనికన్నా వింత సంగతి గుర్తుండాలి. తెలుగు సినిమా రెండు మూడు వీసీడీల్లో వచ్చే రోజుల్లో, 700 ఎంబీ సీడీలో 800 ఎంబీ ఫైలు ఉండేది. దాన్ని కంప్యూటర్లోకి దించి మళ్లీ మామూలు డేటా సీడీగా రాయబోతే పట్టేది కాదు. అదే సీడీ, అదే ఫైలు! కారణం ఏమిటంటే, డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2,048 బైట్లే మనవి, మిగతా చోటులో ఎక్కువ భాగం తప్పులు దిద్దుకోవడానికి. వీసీడీ ఆ దిద్దుబాటు చోటును చాలావరకు వదులుకుని 2,324 బైట్లు సినిమాకే ఇస్తుంది. బొమ్మలో ఒక చుక్క తప్పుపోతే కొంప మునగదు, జీతాల పట్టీలో సున్నా తప్పుపోతే మునుగుతుంది. అందుకే ఆ తేడా.

కొలతలు సరిపోయినా ఒక్కోసారి సైజు మొండికేస్తుంది. ఈ అధ్యాయంలో అసలు విషయం ఇదే, ఇక్కడ కాస్త ఆగుదాం. పిన్ని డిస్కుని వేరే డ్రైవులో పూర్తిగా దించాక మొత్తం 790 కోట్ల బైట్లు తేలింది. నాకు కావలసింది 468 కోట్లు. 468ని 790తో భాగిస్తే 59 శాతం. అంటే బొమ్మను అసలు సైజులో 59 శాతానికి తెస్తే చాలనుకున్నాను. సాఫ్ట్‌వేర్ మాత్రం 43 శాతం అని చూపించింది. ఈ పదహారు శాతం ఎవరు తిన్నారు?

మీడియాఇన్ఫో అనే ఉచిత సాధనంతో డిస్కులో బొమ్మా శబ్దమూ ఉండే వీఓబీ ఫైలు ఒకటి తెరిచి చూస్తే దొంగ దొరికాడు. ఆడియో పీసీఎంలో ఉంది. పీసీఎం అంటే ఏమాత్రం కుదించని శబ్దం, సెకనుకు 1,536 కిలోబిట్లు. గంటకు 69 కోట్ల బైట్లు, మూడు గంటలకు 207 కోట్లు. డిస్కులో నాలుగో వంతుకు పైగా శబ్దమే! సన్నాయి మేళం, పురోహితుడి మైకు, వెనకాల సినిమా పాటలు, వంటవాళ్ల కేకలు అన్నీ స్టూడియోలో రికార్డు చేసినంత నాణ్యంగా భద్రపరిచారు. ఎడిటింగ్ చేసినవాళ్లు సాఫ్ట్‌వేర్ ఎలా ఇస్తే అలా వదిలేసి ఉంటారు. వాళ్లను తప్పుపట్టను, ఇలా ఒకరు కుదించబోతారని వాళ్లకేం తెలుసు.

కుదించే సాఫ్ట్‌వేర్ ఈ శబ్దం జోలికి పోదు. అది నలిపేది బొమ్మను మాత్రమే. 468 కోట్లలో 207 శబ్దానికి, ఇంకో 20 కోట్లు మెనూకి పోగా బొమ్మకు మిగిలింది 241. అసలు బొమ్మ 563 కోట్లు. అందుకే 43 శాతం. అదే శబ్దాన్ని ఏసీ3 అనే కుదించిన రూపంలోకి, సెకనుకు 192 కిలోబిట్లకు మారిస్తే మూడు గంటలకు 26 కోట్లే అవుతుంది. బొమ్మకు 422 కోట్లు మిగులుతాయి, అంటే 75 శాతం. పెళ్లి వీడియోలో ఈ శబ్దం తేడా నా చెవికి తెలియలేదు. మా బాబాయి చెవికి తెలుస్తుందేమోనని భయపడ్డాను గానీ, ఆయన టీవీ సౌండు పెంచమనడం తప్ప ఏమీ అనలేదు.

ఈ మార్పు కుదించే సాఫ్ట్‌వేర్‌లోనే జరగదు. అక్కడ ఆడియో ట్రాకును ఉంచడమో తీసేయడమో తప్ప మార్చడం ఉండదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాధనంతో బొమ్మను ముట్టుకోకుండా శబ్దాన్ని మాత్రం ఏసీ3 చేసి, డీవీడీస్టైలర్ లాంటి దానితో మళ్లీ డీవీడీగా కూర్చి, అప్పుడు కుదించాలి. ఒక సాయంత్రం పని. పాత మెనూ మాత్రం పోతుంది, కొత్తది పెట్టుకోవాలి. తిరిగే తామరపువ్వులో వధూవరుల ముఖాలు కనిపించే ఆ మెనూ మీద మీకు ప్రేమ ఉంటే ఆలోచించుకోండి. నాకు లేదు.

43కీ 75కీ ఏమిటంత తేడా అంటారా? డీవీడీలో ఉండేది ఎంపెగ్-2 వీడియో. అది ప్రతి బొమ్మనూ ఎనిమిదడ్డం ఎనిమిది నిలువు చుక్కల గడులుగా కోసి, ఒక్కో గడిలోని ముదురు, లేత వివరాలను అంకెలుగా రాస్తుంది. డీవీడీ ష్రింక్ లాంటివి వీడియోను మొదటి నుంచి మళ్లీ తయారు చేయవు. ఉన్న అంకెలనే ఇంకాస్త మోటుగా గుండ్రం చేస్తాయి, చిన్న వివరాలను సున్నా చేస్తాయి. అందుకే అరగంటలో పని ముగిస్తాయి. కొద్దిగా గుండ్రం చేస్తే కంటికి తెలియదు. మరీ చేస్తే పట్టుచీర జరీ అంచు మసకబారుతుంది, తలంబ్రాలు పోసేటప్పుడు గింజలు గింజలుగా కాక చౌకాలు చౌకాలుగా పడతాయి. ఎంత నలిపినా ఇంతకన్నా నలగదనే హద్దు కూడా ఒకటుంది. అది దాటితే సైజు చూపించే పట్టీ ఎర్రబడుతుంది. ఎర్రబడ్డాక ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఫలితం మారదు. చెరుకు పిప్పిని మళ్లీ గానుగలో పెట్టినట్టే.

నా మట్టుకు నేను ఒక గీత గీసుకున్నాను. అన్నీ తీసేశాక కూడా 60 శాతం కన్నా కిందికి పోతుంటే కుదించను, రెండు డిస్కులకు పంచుతాను. ఎదుర్కోలు నుంచి తాళి దాకా ఒకటి, తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా ఒకటి. ఖాళీ డిస్కు ఖరీదెంత, మళ్లీ తీయించుకోలేని పెళ్లి ఖరీదెంత?

మెనూల్లో, అదనపు టైటిళ్లలో కూడా బైట్లు దాక్కుంటాయి. పెళ్లి డిస్కుల్లో 'మొత్తం చూడండి' అని ఒక టైటిలూ, ఒక్కో ఘట్టానికి వేరే టైటిలూ ఉంటాయి. డిస్కులో అవన్నీ ఒకే వీడియోను చూపించే వేర్వేరు దారులు కావచ్చు. మీరు టైటిళ్లను ఏరుకుని కొత్త డిస్కుగా కూర్చేటప్పుడు మొత్తాన్నీ, ఘట్టాలనూ రెండూ లాగి పెడితే, అదే తలంబ్రాలు రెండుసార్లు చేరి లెక్క రెట్టింపవుతుంది. అసలు డిస్కు కన్నా కాపీ పెద్దదైందంటే ముందు ఇది చూడండి.

ఇందాక చిన్నగా వస్తే నిడివి చూడమన్నాను. నిడివి సరిగ్గానే ఉండి, 4,400 అడిగితే 3,900 ఎంబీయే వచ్చిందనుకోండి. అప్పుడు బొమ్మను అనవసరంగా నలిపారన్నమాట. కుదింపు 'ఆటోమేటిక్'లో ఉందా, వెనకటి పనికి మీరు చేత్తో పెట్టిన శాతమే ఉండిపోయిందా చూడండి. నా అనుభవంలో ఎక్కువసార్లు రెండోదే. అది కాకపోతే, సాఫ్ట్‌వేర్ అంచనా తప్పిందని. డీప్ ఎనాలిసిస్ అనే మీట నొక్కితే అది ముందు డిస్కంతా ఒకసారి చదివి, ఏ దృశ్యం ఎంత బరువో తూకం వేసుకుంటుంది. సమయం ఎక్కువ పడుతుంది, అంచనా దగ్గరకు వస్తుంది. డీవీడీ ష్రింక్ 2004లోనే ఆగిపోయిన ఉచిత సాఫ్ట్‌వేర్. దానికి డబ్బు అడిగే సైటు కనిపిస్తే తలుపు మూసుకుని వచ్చేయండి.

సైజు సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగిపోతోందా? హార్డ్‌డిస్కులో బోలెడు ఖాళీ ఉన్నా ఫైలు పెద్దదంటోందా? అప్పుడు డిస్కునీ సాఫ్ట్‌వేర్‌నీ వదిలేసి, మీరు కాపీ చేస్తున్న పెన్‌డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూడండి. ఫ్యాట్32 అయితే అందులో ఒక్క ఫైలు 4 జీబీని దాటలేదు. డీవీడీని ఫోల్డరుగా దించితే ఈ బాధ కనిపించదు, ఎందుకంటే వీఓబీ ఫైళ్లను 1 జీబీ లోపు ముక్కలుగానే కోస్తారు. మొత్తాన్ని ఒకే ఐఎస్ఓ ఫైలుగా దించినప్పుడే తగులుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌లోకి గానీ ఎన్‌టీఎఫ్ఎస్‌లోకి గానీ మారిస్తే సరిపోతుంది. ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయి, ముందు వేరేచోట దాచుకోండి.

డాలస్‌లోని మా చెల్లెలికి మాత్రం డిస్కు అక్కర్లేదు. "మా ఇంట్లో డీవీడీ ప్లేయరే లేదన్నయ్యా, వాట్సాప్‌లో పంపు" అంది. వాట్సాప్‌లో ఒక ఫైలు 2 జీబీ దాకా పోతుంది. మూడు గంటల పెళ్లిని అందులో పట్టించాలి. డీవీడీని ఎంపీ4 చేసే హ్యాండ్‌బ్రేక్‌లో చాలామంది ఇక్కడ తికమకపడతారు. అది మొదట చూపించేది నాణ్యత మీట. నాణ్యత ఇంత ఉండాలని మీరు చెబితే, దానికి ఎన్ని బైట్లు కావాలో అది తీసుకుంటుంది, సైజు దాని ఇష్టం. మండపంలో చీకటి మూలలు, లైటు వేడికి మెరిసే ముఖాలు, పాత కెమెరా గరగర, ఇవన్నీ దానికి వివరాల్లాగే కనిపిస్తాయి, బైట్లు మింగుతాయి. ఒకే మీట మీద ఒక పెళ్లి 1 జీబీ, ఇంకో పెళ్లి 3 జీబీ రావడానికి కారణం అదే.

సైజు ముఖ్యమైతే సగటు బిట్‌రేట్ ఎంచుకోవాలి. లెక్క నాలుగో తరగతిది. 200 కోట్ల బైట్లను ఎనిమిదితో హెచ్చవేసి, మూడు గంటల సెకన్లు 10,800తో భాగించండి. సెకనుకు దాదాపు 1,480 కిలోబిట్లు. అందులో శబ్దానికి 128 తీసి, కాస్త వెసులుబాటు ఉంచుకుని బొమ్మకు 1,300 రాశాను. లెక్క ప్రకారం 193 కోట్లు రావాలి, ఆ దగ్గర్లోనే వచ్చింది. టీవీ కోసం గీతలు గీతలుగా తీసిన పాత వీడియోకు డీఇంటర్‌లేస్ పెట్టడం మరిచిపోకండి. లేకపోతే చేతులు కదిపినప్పుడల్లా దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి, వాటికీ బైట్లు ఖర్చవుతాయి.

చివరికి నాలుగు డిస్కులూ రాశాను. మా మేనల్లుడి పాత డెస్క్‌టాప్‌లో ఉన్న డ్రైవు, చూడ్డానికి దుమ్ముకొట్టుకుపోయి ఉన్నా, ఆ రెండో పొర మలుపు బాగానే తిరిగింది. తాళి వచ్చింది, తలంబ్రాలు వచ్చాయి, అప్పగింతలు వచ్చాయి. పొర మారిన చోట మాత్రం నాలుగు సెకన్లు ఏం చేసినా కుదుటపడలేదు, బొమ్మంతా గడులు గడులుగా విరిగింది. తాళి కట్టడానికి కాస్త ముందు. పిన్నికి ఆ చోటే ఆపి చూపించి, ఇంతకన్నా నా వల్ల కాలేదని చెప్పాను.

పిన్ని కళ్లజోడు సర్దుకుని టీవీ దగ్గరికి జరిగి చూసింది. "అక్కడ అసలు డిస్కులోనూ ఏమీ కనపడదురా. మీ బాబాయి కెమెరాకి అడ్డంగా నిలబడ్డాడు" అంది.